నేతను దెబ్బతీసిందెవరు? వాణిజ్యం, యంత్రం, రెండు వందల ఏళ్ల వాదన

మాంచెస్టర్ మిల్లు గుడ్డ వచ్చి మన మగ్గాన్ని మింగేసిందన్న మాట తెలుగు పాఠకుడు బడి రోజుల్లోనే వింటాడు. ఆ మాట అబద్ధం కాదు. అయితే దాని మీద వందేళ్లకు పైగా జరిగిన పరిశోధనంతా ఒకచోట పెట్టి చదివితే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. మునిగింది మగ్గమా, రాట్నమా? ముంచింది విదేశీ సరుకా, యంత్రమా, కంపెనీ అధికారమా? నష్టాన్ని మగ్గాల సంఖ్యతో కొలవాలా, నేతగాడి రోజు కూలితో కొలవాలా? ఒక్కో చరిత్రకారుడు ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పాడు. చదివేవాళ్లు అవన్నీ ఒకే ప్రశ్నకు జవాబులనుకున్నారు. అందుకే ఈ వాదన ఇంతగా ముడిపడింది.

ఇది పాతబడిన వాదన కాదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు తిరుప్పూర్ బనియన్ల కార్మికులకూ, గోదావరి జిల్లాల రొయ్యల రైతులకూ ఎదురైంది ఇదే ప్రశ్న. దూరదేశపు బజారు మీద ఆధారపడ్డ పనివాడికి ఆ బజారు మూసుకుపోతే దిక్కెవరు?

మొదట సరుకు ఇటు నుంచే వెళ్లింది

ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో దిగింది మన గుడ్డ కోసమే. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు ముందు ఆగ్నేయాసియాలో సుగంధద్రవ్యాలకు మారకంగా పనికొచ్చాయి. ఆ తర్వాత లండన్, పారిస్ ఇళ్లలో తెరలూ దుప్పట్లూ గౌన్లూ అయ్యాయి. ఆ పోటీకి తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో అద్దకం నూలు బట్టల్ని నిషేధించి 1759 దాకా ఆ నిషేధాన్ని కొనసాగించింది. ఇంగ్లండు 1700లో చట్టం చేసి అద్దకం బట్టల దిగుమతిని ఆపింది. 1720లో మరో చట్టంతో వాటిని కట్టుకోవడాన్నే నేరం చేసింది. ఆ చట్టం 1774 దాకా నడిచింది. ఈ మధ్యకాలంలోనే నూలు వడికే యంత్రాలైన హార్‌గ్రీవ్స్ జెన్నీ, 1769లో ఆర్క్‌రైట్ నీటి యంత్రం వచ్చాయి.

స్వేచ్ఛా వాణిజ్యం వల్లే ఇంగ్లండు ఎదిగిందనేవారు ఈ తేదీల్ని పక్కన పెట్టేస్తారు. ఇంగ్లండులోని లాంకషైర్ బట్టల పరిశ్రమ ఈ నిషేధాల గోడచాటున పెరిగిందన్నది చట్టపుస్తకాల్లో ఉన్న సంగతి. అయితే గోడ ఒక్కటే దాన్ని పెంచిందా అన్నచోట పండితులు విడిపోతారు. భారతీయ బట్టను అనుకరించి దానితో పోటీ పడాలన్న తపనే కొత్త యంత్రాలకు మూలమని ప్రసన్నన్ పార్థసారథి వాదిస్తారు. కూలి ఖరీదై, బొగ్గు చవకైన దేశంలోనే మనిషి శ్రమను ఆదా చేసే యంత్రం గిట్టుబాటవుతుందని రాబర్ట్ అలెన్ అంటారు. ఈ రెండు వివరణలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. యంత్రం ఎందుకు పుట్టిందో ఒకటి చెబితే, ఎక్కడ పుట్టిందో రెండోది చెబుతుంది.

కంపెనీ చేతిలో నేతగాడు

పార్థసారథి 2001లో వెలువరించిన పుస్తకం దక్షిణ భారత నేతగాళ్ల గురించి ఉన్న చిత్రాన్ని తిరగరాసింది. 18వ శతాబ్దం నడిమి దాకా ఇక్కడి నేతగాడు వర్తకుడి దగ్గర బయానా పుచ్చుకున్నా, బేరం కుదరకపోతే డబ్బు తిరిగిచ్చి వేరొకరికి నేసుకోగలిగేవాడు. ఊరు వదిలి మరో రాజు పాలనలోకి వెళ్లిపోగలిగేవాడు. ధాన్యం లెక్కన చూస్తే అతని సంపాదన ఇంగ్లండు నేతగాడికి తీసిపోలేదని ఆయన లెక్క. స్టీఫెన్ బ్రాడ్‌బెర్రీ, విష్ణుప్రియా గుప్తా దీన్ని ఒప్పుకోలేదు. వెండి లెక్కన చూస్తే భారతీయ కూలి అప్పటికే చాలా తక్కువని, ధాన్యం లెక్కన చూసినా వెనకబడ్డదేనని చూపించారు. ఈ అంకెల పోరు తేలలేదు.

తేలిన సంగతి మరొకటి ఉంది. కంపెనీ రాజ్యాధికారం చేజిక్కించుకున్నాక నేతగాడి బేరమాడే శక్తి పోయింది. బయానా అప్పుగా మారింది. అప్పు తీరేదాకా వేరొకరికి నేయకూడదన్న కట్టడి వచ్చింది. మగ్గం మీదున్న గుడ్డను కంపెనీ మనిషి వచ్చి లెక్కగట్టే పద్ధతి వచ్చింది. 18వ శతాబ్దం చివరా 19వ శతాబ్దం మొదట్లోనూ కోస్తా ఆంధ్ర నేతగాళ్లు దీని మీద ఎలా తిరగబడ్డారో, ఎన్ని అర్జీలు పెట్టుకున్నారో పి. స్వర్ణలత ఉత్తర కోరమాండల్ నేతవారి మీద రాసిన పుస్తకం విశదంగా చెబుతుంది. మాంచెస్టర్ గుడ్డ ఇక్కడ బజారులోకి వెల్లువగా రాకముందే ఇదంతా జరిగిపోయింది. అంటే నేతగాడి మొదటి ఓటమి యంత్రం చేతిలో కాదు, అధికారం చేతిలో. ఈ వరుసను మరిచిపోతే తర్వాతి కథంతా తప్పుగా అర్థమవుతుంది.

రాట్నానికి తగిలిన దెబ్బ

ఈ వాదనలో దాదాపు అందరూ ఒప్పుకునే సంగతి ఒకటుంది. దాని గురించే అందరూ తక్కువ రాశారు. అది నూలు వడకడం.

వంద పౌన్ల పత్తిని నూలు చేయడానికి భారతీయ రాట్నం మీద 50,000 గంటల పైచిలుకు శ్రమ పడుతుందని వస్త్ర పరిశ్రమ చరిత్రకారుడు చాప్‌మన్ అంచనా వేశారు. 1780 నాటి క్రాంప్టన్ మ్యూల్ అనే వడికే యంత్రం మీద అది 2,000 గంటలకు, 1795 నాటికి 300 గంటలకు, 1825 నాటి స్వయంచాలక మ్యూల్ మీద 135 గంటలకు పడిపోయింది. నేతలో యంత్రం సాధించిన తేడా దీని దరిదాపుల్లో కూడా లేదు. యాభై ఏళ్లలోపే ఇంత తేడా వచ్చిన పనిలో సుంకాలు ఉన్నా లేకపోయినా చేతి నూలు మామూలు బజారులో నిలవడం కష్టం. మిల్లు నూలు రావడంతో వడికే పని ఇళ్ల నుంచి మాయమైంది.

వడికేవాళ్లు ఎవరు? ఆడవాళ్లు. వాళ్లలో వితంతువులు, ముసలివాళ్లు, పొలం పని చేయలేనివాళ్లు ఎక్కువ. శాంతిపూర్ వితంతువు ఒకామె పేరిట 1828లో బెంగాల్ పత్రిక సమాచార్ దర్పణ్‌లో ఒక లేఖ అచ్చయింది. ఒకప్పుడు నేతగాళ్లు ఆమె గుమ్మం ముందుకొచ్చి నూలు కొనుక్కుపోయేవారు. ఆ డబ్బుతోనే ఆమె పిల్లల్ని పెంచింది, పెళ్లిళ్లు చేసింది. ఇప్పుడు సీమ (ఇంగ్లండు) నూలు వచ్చి తన నూలు అడిగేవాడు లేడని ఆమె మొర. అంత దూరం నుంచి వచ్చిన నూలు ఇంత చవకగా దొరుకుతోందంటే ఆ దేశంలో తనకంటే పేద ఆడవాళ్లు ఉన్నారన్నమాట అని కూడా ఆమె అనుకుంది. ప్రపంచ వాణిజ్యం గురించి ఆ రోజుల్లో వెలువడ్డ రాతల్లో ఇంత స్పష్టంగా రెండు వైపులా చూసింది నాకు మరొకటి కనబడదు.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆ పాత పని ఎంత నేర్పుతో కూడిందో ఇప్పటికీ చూడొచ్చు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ల వరస మధ్య గింజ చుట్టూ ఉన్న పోగు చెత్త వదిలి నిటారుగా సాగుతుంది. దువ్విన పత్తిని ఏకులుగా చుట్టి, చెమ్మ తగలకుండా ఎండిన అరటి దొప్పల్లో దాస్తారు. ఆ ఏకుల నుంచి రాట్నం మీద నూరో నంబరు దాటిన సన్న నూలు తీస్తారు. ఇలాంటి విద్య దేశంలో చాలాచోట్ల ఉండేది. అది పోయినప్పుడు పోయినవాళ్లను ఏ జనాభా లెక్కా వృత్తి పేరు పెట్టి రాసుకోలేదు.

జాతీయవాదులు, వాళ్లకు ఎదురు నిలిచినవాళ్లు

దాదాభాయి నౌరోజీ 1901లో, రమేశ్‌చంద్ర దత్తు 1902, 1904ల్లో వెలువరించిన గ్రంథాలు జాతీయవాద వాదానికి పునాది వేశాయి. దత్తు వాదం సూటిగా ఉంటుంది. మన బట్ట మీద ఇంగ్లండులో భారీ సుంకాలు వేసి, వాళ్ల బట్టను మన దేశంలోకి నామమాత్రపు సుంకంతో దింపారు, వృత్తులు పోయినవాళ్లు భూమి మీద పడ్డారు, అందుకే కరువులు. సుంకాల సంగతి మటుకు ఎవరూ కొట్టిపారేయలేని సాక్ష్యం. 1882లో దిగుమతి సుంకాలు దాదాపు పూర్తిగా ఎత్తేశారు. ఖజానా కోసం 1890ల్లో సుంకం మళ్లీ వేయాల్సి వస్తే, లాంకషైర్ ఒత్తిడికి తలొగ్గి 1896లో మన మిల్లు బట్ట మీద కూడా సరిసమానంగా 3.5 శాతం ఎక్సైజు వేశారు. దాన్ని తీసేయడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది.

పాల్ బైరోక్ అంచనాల్లో ప్రపంచ పారిశ్రామిక ఉత్పత్తిలో భారత వాటా 1750లో 24.5 శాతం, 1860లో 8.6, 1913లో 1.4. ఈ అంకెలు ఉపన్యాసాల్లో తరచూ వినిపిస్తాయి. వాటా తగ్గడం వేరు, ఉత్పత్తి తగ్గడం వేరు. పక్కవాడు పదింతలు ఎదిగితే మనం ఉన్నచోటే ఉన్నా వాటా తగ్గుతుంది. ఈ తేడా చెప్పకుండా ఆ అంకెల్ని వాడటం సరికాదు.

ఎదురువాదం 1960ల్లో ఊపందుకుంది. డేనియల్ థోర్నర్ 1881 నుంచి 1931 దాకా జనాభా లెక్కల్ని జల్లెడపట్టి, ఆ యాభై ఏళ్లలో పరిశ్రమల నుంచి వ్యవసాయానికి పెద్ద వలస ఏదీ కనబడదన్నారు. జరిగి ఉంటే అంతకుముందే జరిగి ఉండాలి. 1963లో మోరిస్ డి. మోరిస్ మరింత ముందుకెళ్లారు. సీమ నూలు చవకై నేతగాడికి మేలే చేసిందని, బట్టకు గిరాకీ పెరిగింది కాబట్టి మగ్గాలు తగ్గి ఉండవని అన్నారు. బిపిన్ చంద్ర, తపన్ రాయ్‌చౌధురి, తోరు మత్సుయి 1968లో గట్టిగా బదులిచ్చారు. గిరాకీ పెరిగిందన్నదానికి మోరిస్ దగ్గర ఊహ తప్ప సాక్ష్యం లేదన్నది వాళ్ల పట్టు. అది సరైన పట్టే.

సాక్ష్యం కోసం వెతికినవారు అమియ బాగ్చి. బుకానన్ హామిల్టన్ 1809-13లో బీహారు గంగాతీరపు జిల్లాల్లో చేసిన సర్వేను 1901 జనాభా లెక్కతో పోల్చి, పరిశ్రమల మీద బతికేవారి వాటా 18.6 శాతం నుంచి 8.5కు పడిపోయిందని 1976లో చూపారు. మారికా విజియాని ఆ సర్వే అంకెల నమ్మకాన్నే ప్రశ్నించారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బాగ్చి లెక్క నిలవడం, పడిపోవడం ప్రధానంగా ఇంట్లో తీరిక వేళ నూలు వడికిన ఆడవాళ్లను కార్మికులుగా ఎంతవరకు లెక్కించాలన్నదాని మీదే ఉంది. పూర్తిగా లెక్కిస్తే పతనం భారీగా కనబడుతుంది. వదిలేస్తే పెద్దగా ఏమీ జరగనట్టు కనబడుతుంది. ఇది గణాంకాల చిక్కుగా పైకి కనిపిస్తుంది గానీ నిజానికి ఎవరి పనిని పనిగా ఒప్పుకుంటామన్న ప్రశ్న.

2008లో డేవిడ్ క్లింగింగ్‌స్మిత్, జెఫ్రీ విలియమ్సన్ మరో కోణం తెచ్చారు. మొగలు సామ్రాజ్యం కూలడం, వానలు తప్పడం వల్ల 18వ శతాబ్దంలో ధాన్యం ధర పెరిగింది, దానితో కూలి పెరిగి మన బట్ట ఖరీదైంది, యంత్రాల దెబ్బ ఆ తర్వాత వచ్చిందని వాళ్ల వరుస. కంపెనీ బలవంతానికి ఇందులో చోటు చాలా తక్కువ. అదే దీని లోటు.

మగ్గం ఎలా నిలిచింది

రాట్నం పోయినా మగ్గం పోలేదు. 20వ శతాబ్దం మొదటి సగంలో చేనేత ఉత్పత్తి పెరిగిందని తీర్థంకర్ రాయ్ 1993, 1999 పుస్తకాల్లో నిరూపించారు. మద్రాసు ప్రెసిడెన్సీలో 19వ శతాబ్దం రెండో సగంలో మగ్గాల సంఖ్య పెద్దగా కుంగలేదని కోన్రాడ్ స్పెకర్ అంతకుముందే చెప్పి ఉన్నారు. మిల్లు సాదా పంచెను, లాంగ్‌క్లాతును గెలుచుకుంది. అంచులు కలిపి నేసే చీర, బుటా, జరీ, బాగా ముతక గుడ్డ, బాగా సన్నని గుడ్డ మగ్గానికే మిగిలాయి. కోస్తా ఆంధ్ర నేతగాళ్లు చేత్తో విసిరే నాడెను వదిలి తాడు లాగితే పరుగెత్తే నాడెను తొందరగానే అందిపుచ్చుకున్నారు. దానితో రోజు నేత ఇంచుమించు రెట్టింపైంది. చేనేతను కదలని పాత వృత్తిగా చూసేవాళ్లు ఈ మార్పును గమనించాలి.

కానీ రాయ్ కథకు ఒక అడుగు పొర ఉంది. ఆయన దాన్ని దాచలేదు గానీ ఆయన్ని ఉటంకించేవాళ్లు దాటేస్తారు. ఉత్పత్తి పెరిగిన ఆ కాలంలోనే సొంత మగ్గం, సొంత నూలు ఉన్న నేతగాడు తగ్గి, మాస్టర్ వీవర్ దగ్గర మజూరీకి నేసేవాడు పెరిగాడు. నూలు మిల్లుది, అప్పు షావుకారుది, బజారు వర్తకుడిది. గుంట మగ్గంలో దిగి కూర్చున్న మనిషికి మిగిలింది చేతులూ కాళ్లూ. గుడ్డ ఎక్కువైనా అతని బతుకు బాగుపడాలన్న నియమం లేదు. పరిశ్రమ నిలవడం, పనివాడు నిలవడం ఒకటి కావు. ఈ మొత్తం వాదనలో నేను గట్టిగా నిలబడేది ఈ మాట మీదే.

ఇంగ్లండు నేతగాడి గతి

గెలిచిన దేశంలో పనివాళ్లంతా గెలిచారనుకోవడం కూడా తప్పు. 1813లో బ్రిటన్‌లో మరమగ్గాలు 2,400. 1833 నాటికి లక్ష. 1820ల్లో రెండు లక్షల పైచిలుకు ఉన్న బ్రిటన్ చేతిమగ్గం నేతగాళ్లు 1860ల నాటికి కొన్ని వేలకు కుదించుకుపోయారు. 1780-1840 మధ్య బ్రిటన్‌లో ఒక్కో కార్మికుడి ఉత్పత్తి 46 శాతం పెరిగితే నిజ వేతనం 12 శాతమే పెరిగిందని అలెన్ లెక్క. లాభంలో ఎక్కువ భాగం మిల్లు యజమానికి చేరిన ఆ కాలాన్ని ఆయన ఎంగెల్స్ విరామం అన్నారు.

తేడా తర్వాతి తరంలో వచ్చింది. లాంకషైర్ నేతగాడి కొడుక్కి, కూతురికి ఆ ఊళ్లోనే మిల్లు ఉంది. శాంతిపూర్ వితంతువు కూతురికి లేదు. బొంబాయిలో మొదటి మిల్లు 1850ల్లో వచ్చింది. బెంగాల్, గోదావరి పల్లెల్లో రాట్నం వదిలిన చేతులకు పొలం కూలి తప్ప మరో దారి లేదు.

దెబ్బ లోపలి నుంచి

స్వాతంత్ర్యం తర్వాత చాలాకాలం విదేశీ బట్ట దాదాపు రాలేదు. అయినా చేనేత చితికింది. ఈ ఒక్క నిజం దత్తు వాదాన్ని, స్వేచ్ఛా వాణిజ్య వాదాన్ని రెండింటినీ ఇరుకున పెడుతుంది.

మిల్లుల నేత సామర్థ్యాన్ని ప్రభుత్వం కట్టడి చేస్తే, ఆ ఖాళీలోకి చేనేత రాలేదు. మరమగ్గం వచ్చింది. చిన్న షెడ్లు, తక్కువ పన్ను, సంఘం లేని కార్మికులు. 1982లో దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షల బొంబాయి మిల్లు కార్మికులు సమ్మె చేశారు. తెలంగాణ నుంచి వెళ్లిన వేలాది కుటుంబాలు ఆ మిల్లుల మీద బతికేవి. సమ్మె తర్వాత మిల్లులు మూతపడుతుంటే పని భివండి సాంచాలకు, అంటే మరమగ్గాలకు, తరలింది. అక్కడ పన్నెండు గంటల షిఫ్టులో నిలబడ్డవాళ్లలోనూ పద్మశాలీలు ఎందరో.

1985 చట్టం 22 రకాల గుడ్డల్ని చేనేతకే కేటాయించింది. మిల్లులు, మరమగ్గాల యజమానులు కోర్టుకెక్కారు. 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించేనాటికి ఎనిమిదేళ్లు గడిచాయి. తర్వాత ఆ జాబితా 11కు కుదించుకుపోయింది. చేనేతకు కావలసిన చిలప నూలును స్పిన్నింగ్ మిల్లులు దేశీయ వాడకానికి అమ్మే నూలులో కనీసం 50 శాతం ఇవ్వాలన్న నిబంధన 2003లో 40కి, 2019లో 30కి దిగింది. ఇచ్చిన చిలపలూ చాటుగా మరమగ్గాలకు చేరేవి.

1991లో కోస్తా ఆంధ్ర నేతగాళ్ల ఇళ్లలో ఆకలి చావులు సంభవించాయి. అప్పుడు కారణం విదేశీ గుడ్డ దిగుమతి కాదు, మన నూలు ఎగుమతి. నూలు బయటికి పోయి ఇక్కడ ధర ఆకాశానికెక్కింది. షావుకారు మగ్గానికి నూలివ్వడం ఆపేశాడు. 1828లో నూలు చవకై రాట్నం పోయింది, 1991లో నూలు ఖరీదై మగ్గం ఆగింది. వాణిజ్యం ఏ దిక్కుగా నడిచినా, నూలు మీద పట్టు లేనివాడే పడిపోయాడు.

1991 తర్వాతి ఆర్థికవేత్తలు

రికార్డో 1817లో చెప్పిన సూత్రం ప్రకారం ఒక పని పోతే మనిషి మరో పనికి మారతాడు, దేశం మొత్తంగా లాభపడుతుంది. కొందరికి నష్టం తప్పదని స్టాల్పర్, సామ్యూల్సన్ 1941లోనే చూపినా, ఆ మార్పు తొందరగా సర్దుకుంటుందన్న నమ్మకం చాలాకాలం నిలిచింది. మన సుంకాలు 1990లో సగటున 80 శాతానికి పైనుంచి 1996 నాటికి 37కు దిగాయి. ఆ కోత ఎక్కువగా తగిలిన జిల్లాల్లో పేదరికం మిగతాచోట్లకన్నా నెమ్మదిగా తగ్గిందని, మనుషులు ఊళ్లు, వృత్తులు మారలేకపోయారని పేట్యా తోపలోవా 2010లో చూపారు. రాణా హసన్ బృందం వేరే కొలతలతో చూసి, వాణిజ్యం పేదరికాన్ని పెంచలేదని, కార్మిక చట్టాలు సడలిన రాష్ట్రాల్లో మేలే జరిగిందని తేల్చింది. ఇద్దరి మధ్య తేడా జిల్లాను కొలమానంగా తీసుకోవాలా, రాష్ట్రాన్నా అన్నచోట మొదలవుతుంది. మనిషి పని వెతుక్కునే పరిధి జిల్లాకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మొదటి పద్ధతి వైపే మొగ్గు చూపాల్సి ఉంటుంది.

డేవిడ్ ఆటర్ తోటి పరిశోధకులతో కలిసి 2013 నుంచి చైనా దిగుమతుల దెబ్బ మీద చేసిన పరిశోధన అమెరికా ఊళ్లలోనూ అదే చూపింది. ఫ్యాక్టరీ పోయిన ఊరు పదేళ్లయినా కోలుకోలేదు. సంపన్న దేశంలో, నిరుద్యోగ భృతి ఉన్నచోట ఇలా ఉంటే, 19వ శతాబ్దపు బెంగాల్ పల్లె సర్దుకుందని ఏ ధైర్యంతో అనగలం?

రెండో వైపు బంగ్లాదేశ్ ఉంది. ఎగుమతి బట్టల పరిశ్రమ అక్కడ దాదాపు 40 లక్షల మందికి, ఎక్కువగా ఆడవాళ్లకు, జీతం తెచ్చింది. 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయిందీ అక్కడే. ఆ తర్వాతే విదేశీ బ్రాండ్లు భవనాల తనిఖీకి కట్టుబడే ఒప్పందం మీద సంతకం పెట్టాయి. ఉద్యోగం వాణిజ్యం ఇచ్చింది. భద్రత మాత్రం ప్రాణాలు పోయాక, ఒత్తిడి తెస్తే వచ్చింది.

ఇంకా తేలనివి

సుంకాల మీద అధికారం మన చేతిలోనే ఉండి ఉంటే 19వ శతాబ్దంలో ఏమయ్యేదన్నది మొదటిది. రాట్నం ఎలాగూ నిలిచేది కాదు, కానీ మిల్లులు ముందే వచ్చి ఆ చేతులకు పని దొరికేదేమో. జపాన్‌లో వచ్చాయి. కానీ జపాన్ 1911 దాకా సుంకాలు తానుగా వేసుకోలేకపోయింది. కాబట్టి సుంకం ఒక్కటే కారణమనడానికి లేదు. ప్రభుత్వం ఎవరి కోసం పనిచేసిందన్నదాన్ని అంకెల్లోకి ఎలా తేవాలో ఎవరికీ కుదరలేదు.

ఇక ఇప్పటి లెక్కలు. చేనేత, అనుబంధ పనివారు 1995-96 గణనలో 65.5 లక్షలు, 2009-10లో 43.3 లక్షలు, 2019-20లో 35.2 లక్షలు. చివరి గణనలో నేతవారిలో 72 శాతం ఆడవాళ్లు, మూడింట రెండొంతుల కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపు. మగవాళ్లు వదిలిన మగ్గం ఆడవాళ్ల చేతికి వచ్చిందా, లేక ఇదివరకు లెక్కకెక్కని వాళ్ల పని ఇప్పుడు లెక్కకెక్కిందా అన్నది ఈ అంకెలు చెప్పవు. ఇరవై అయిదేళ్లలో తగ్గిన 30 లక్షల మందిలో హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం దొరికి మగ్గం దిగినవాళ్లు ఎందరో, అప్పుతో దిగి భివండి, సూరత్ సాంచాల మీద నిలబడ్డవాళ్లు ఎందరో కూడా చెప్పవు. చేనేత గణన ఆ పని సాగుతున్న ఇంటికే వెళుతుంది, ఆ పని వదిలేసిన ఇంటి తలుపు తట్టదు. ఆ ఇళ్లకు వెళ్లి అడిగే సర్వే జరిగేదాకా, తగ్గుదల అభివృద్ధికి గుర్తని చెప్పేవాళ్ల దగ్గరా, విధ్వంసానికి గుర్తని చెప్పేవాళ్ల దగ్గరా ఉండేది చెరి సగం సాక్ష్యమే.